సీసా మీద 98 శాతం అని ఉంది, దేంట్లో 98?

మైదుకూరు పసుపు | కడప | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను కడపలో ఒక ప్రైవేటు టెస్టింగ్ ల్యాబ్‌లో అనలిస్టుని. రెండేళ్ళయింది చేరి. పది రోజులుగా ఒక విషయం నన్ను నిద్ర పోనివ్వడం లేదు.

మైదుకూరు పక్క పల్లె నుంచి ఒక రైతు పసుపు తెచ్చారు. కొమ్ములు పొడి చేసి, బాగా కలిపి, రెండు భాగాలు చేశాం. ఒకటి మేం చేశాం, రెండోది కొనేవాళ్ళు చెప్పిన ల్యాబ్‌కు పోయింది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ మాకు 3.42 శాతం వచ్చింది, వాళ్ళకు 3.05. సరుకు పోయేది పసుపు సారం తీసే ఫ్యాక్టరీకి. అక్కడ ధర కట్టేదే ఈ అంకె మీద. ఆయన రెండు రిపోర్టులూ పట్టుకుని మా కౌంటర్ దగ్గరికొచ్చి, "అమ్మా, పసుపు ఒకటే కదా, లెక్కలు రెండెట్లొచ్చె?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను.

నేను చూసినంతవరకు చెప్తాను. మేం వాడేది హెచ్‌పీఎల్‌సీ, అంటే ద్రావణంలోని పదార్థాలను విడదీసి ఒక్కొక్కదాన్నీ ఒక పీక్ (శిఖరం)గా చూపే మెషీన్. పీక్ కింద ఏరియాను, కర్క్యుమిన్ ఎంతుందో ముందే తెలిసిన పొడి (స్టాండర్డ్) ఏరియాతో పోల్చి లెక్క కడతాం. స్టాండర్డ్‌ను వేర్వేరు మోతాదుల్లో వేసి గీసిన కాలిబ్రేషన్ గీత ఎంత తిన్నగా ఉందో చెప్పే ఆర్ స్క్వేర్ 0.9996 (1 అయితే పూర్తిగా తిన్నన). ఒకే ద్రావణం ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తే ఏరియా తేడా అర శాతం లోపే. బ్యాలెన్స్ కాలిబ్రేషన్ గడువు దాటలేదు. స్టాండర్డ్ సీసా మీద "కర్క్యుమిన్, 98%, హెచ్‌పీఎల్‌సీ" అని ఉంది, 98 వేసే లెక్క కట్టాను. తప్పు ఎక్కడుందో ఎవరైనా చెప్పగలరా?

ఏపీఐ క్యూసీ | కర్నూలు | సోమవారం రాత్రి 10:15

చెల్లీ, ముందు ఒకటి చెప్పు. పసుపులో కర్క్యుమిన్ ఒక్కటే ఉండదు. డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ అని దాని చెల్లెళ్ళు ఇద్దరుంటారు. మీరు మొదటి పీక్ ఒక్కటే లెక్కపెట్టి, వాళ్ళు మూడూ కలిపారేమో, లేదా మీరు మూడు, వాళ్ళు ఒకటి. ఇంకొకటి, కొన్ని ల్యాబ్‌లు హెచ్‌పీఎల్‌సీ జోలికే పోవు. ఆల్కహాల్‌లో కరిగించి 425 నానోమీటర్ల దగ్గర రంగు కొలుస్తాయి. రెండు పద్ధతుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇంకా ఒకటి. ఒకరు పొడిలో ఉన్న తేమతో సహా చెప్పి, ఇంకొకరు తేమ తీసేసి చెప్పినా ఈపాటి తేడా వచ్చేస్తుంది.

మైదుకూరు పసుపు | సోమవారం రాత్రి 10:32

అన్నా, ఫోన్ చేసి కనుక్కున్నాను. వాళ్ళదీ హెచ్‌పీఎల్‌సీనే. మూడు పీకులూ కలుపుతారు, కర్క్యుమిన్ స్టాండర్డ్‌తోనే లెక్క. తేమతో సహానే చెప్తారు. అన్నీ మాలాగే. అందుకే ఇంకా టెన్షన్‌గా ఉంది.

తుంగభద్ర గట్టు | కర్నూలు | మంగళవారం ఉదయం 6:05

అమ్మా, నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నీ పోస్టు రాత్రే చదివాను, పొద్దున్నే రాస్తున్నాను.

నీ కాలిబ్రేషన్ గీత ఎంత తిన్నగా ఉన్నా అది చెప్పేది ఒక్కటే, రెట్టింపు పోస్తే రెట్టింపు సిగ్నల్ వస్తుందని. పోసినదాంట్లో కర్క్యుమిన్ ఎంతో ఆ గీతకు తెలియదు. నువ్వు 98 అన్నావు, అది నమ్మింది. నిజంగా 90 ఉన్నా ఆర్ స్క్వేర్ 0.9996 అనే వస్తుంది.

మా కర్నూలు యార్డులో ఎర్రగడ్డల మూట విప్పినప్పుడు చూశావా? నూరు గడ్డల్లో రెండు కుళ్ళినవి ఉంటే, "98 శాతం మంచివి" అనొచ్చు. అబద్ధమేమీ కాదు. కానీ మూట తూకం వేసినప్పుడు గడ్డలకు అంటిన మట్టి, గోనెసంచి, వానకు తడిసిన నీళ్ళు అన్నీ తూగుతాయి. వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. హెచ్‌పీఎల్‌సీ ఏరియా శాతం అంటే అదే. డిటెక్టర్ 425 దగ్గర పెట్టారంటే, పసుపురంగు ఉన్నవాటిలో కర్క్యుమిన్ వాటా ఎంతో మాత్రమే అది చెప్తుంది. నీళ్ళకు రంగు లేదు. స్ఫటికాలు తీసినప్పుడు మిగిలిపోయిన సాల్వెంట్‌కు (కరిగించే ద్రవానికి) రంగు లేదు. ఉప్పులకు రంగు లేదు. కానీ నువ్వు తూచేటప్పుడు అవన్నీ నీ పళ్ళెంలోనే ఉన్నాయి.

తూకం సంగతి కూడా చెప్తాను. నీ బ్యాలెన్స్‌ను సరిచూసిన తూకపు బిళ్ళలకు సర్టిఫికెట్ ఉంటుంది. అది ఇచ్చినవాళ్ళ బిళ్ళలను ఇంకొకరు సరిచూసి ఉంటారు. అలా పోతే ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ వస్తుంది. మన దేశపు కిలో నమూనా, 57వ నంబరుది, ఉండేది అక్కడే. 2019 మే 20 నుంచి కిలోగ్రాముకు ఆధారం లోహపు ముద్ద కాదు, ప్లాంక్ స్థిరాంకం. కాబట్టి నువ్వు తూచిన ఆ పది మిల్లీగ్రాముల వెనక గొలుసు తెగకుండా ఉంది. దాన్నే ట్రేసబిలిటీ అంటారు. అయితే ఆ గొలుసు "ఇంత బరువుంది" అని చెప్తుందే గానీ "ఇందులో ఇంత కర్క్యుమిన్ ఉంది" అని చెప్పదు. దానికి ఇంకో గొలుసు కావాలి. అది నీ సీసా దగ్గర తెగిందని నా అనుమానం.

సీసాతో వచ్చిన సర్టిఫికెట్ ఉందా? ఉంటే రెండో పేజీ చూడు.

మైదుకూరు పసుపు | మంగళవారం మధ్యాహ్నం 1:20

సార్, చూశాను. ఇన్నాళ్ళూ మొదటి పేజీ దాటి పోలేదు. రెండో పేజీలో క్రొమటోగ్రామ్ ఉంది. మూడు పీకులు, 95.6, 2.1, 0.3. మూడూ కలిపితే 98.0. సీసా మీద వేసింది ఆ మొత్తమే! నేనేమో కర్క్యుమిన్ పీక్ ఒక్కదానికే 98 వేసుకున్నాను. అక్కడే రెండు శాతం పైన పోయింది.

తేమ గురించి ఒక్క మాట లేదు. సాల్వెంట్ గురించి లేదు. అనిశ్చితి, అంటే ప్లస్ ఆర్ మైనస్ ఎంతో, లేదు. ఏ పద్ధతిలో విలువ ఇచ్చారంటే "హెచ్‌పీఎల్‌సీ" అన్న ఒక్క పదం, అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ సీసా తెరిచి ఎనిమిది నెలలైంది. ఫ్రిజ్‌లో ఉంటుంది. రిపోర్టుల తొందరలో చాలాసార్లు ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే మూత విప్పాను. మొన్న ఆగస్టు ముసురులో మూత విప్పగానే సీసా లోపలి అంచు మీద సన్నగా మంచు పట్టినట్టు తడి కనబడింది. టిష్యూతో తుడిచి పని చేసుకున్నాను. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

తుంగభద్ర గట్టు | మంగళవారం మధ్యాహ్నం 2:02

చెప్పినందుకు సంతోషం తల్లీ. ఇకమీదట సీసాను ఫ్రిజ్ నుంచి తీసి, మూత విప్పకుండా ఒక గంట డెసికేటర్‌లో (తేమ పీల్చే పదార్థం ఉన్న మూత పాత్రలో) పెట్టు. గది వేడికి వచ్చాకే విప్పు. కర్క్యుమిన్ వెలుతురుకు కూడా పాడవుతుంది. ద్రావణాలు ముదురు గోధుమరంగు ఫ్లాస్కుల్లోనే ఉంచు.

ఏపీఐ క్యూసీ | మంగళవారం సాయంత్రం 7:48

మాస్టారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను గానీ రోజూ పనిచేసేవాళ్ళకు ఇంత లోతు అవసరమా? మేం మందుల ఫ్యాక్టరీలో ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) స్టాండర్డ్ తెప్పిస్తాం. ఘజియాబాద్ నుంచి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఇచ్చేది. లేబుల్ మీద ఎంతుంటే అంత వేస్తాం, ఆడిట్‌లో ఎవరూ ఏమీ అనరు. చెల్లి కూడా మంచి చోట కొంటే సరిపోతుంది కదా.

సింగ్లెట్ | కర్నూలు, ఇప్పుడు హైదరాబాద్ | మంగళవారం రాత్రి 9:30

అన్నా, ఫార్మకోపియా స్టాండర్డ్ మంచిదే, సందేహం లేదు. కానీ అది ఆ మోనోగ్రాఫ్‌లో (ఆ పుస్తకంలో ఆ మందు గురించి రాసిన భాగంలో) చెప్పిన పరీక్ష కోసం ఇచ్చేది. "ఆరబెట్టి వాడు" అని ఒకదాని మీద ఉంటుంది, "ఉన్నదున్నట్టు వాడు" అని ఇంకోదాని మీద. ఆ ఒక్క లైను మరిచిపోతే విలువ మారిపోతుంది. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఆరబెట్టాల్సినదాన్ని ఆరబెట్టకుండా వాడి, ఒక బ్యాచ్ మొత్తం ఎక్కువ చూపించాడు. పైగా ఆ లేబుళ్ళ మీద మామూలుగా అనిశ్చితి ఇవ్వరు. మందు ఆ పుస్తకం ప్రకారం పాసా ఫెయిలా అని తేల్చడానికి అది చాలు. ఇద్దరు వేర్వేరు ల్యాబ్‌లలో చేసిన పసుపు అంకెలు ఎందుకు కలవలేదో తేల్చాలంటే చాలదు.

ధర కట్టే అంకెకు సర్టిఫైడ్ రెఫరెన్స్ మెటీరియల్ కావాలి. ఐఎస్‌ఓ 17034 ప్రకారం తయారుచేసినదైతే విలువ, అనిశ్చితి, ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పటిదాకా పనికొస్తుంది, అన్నీ రాసి ఇస్తారు. నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ "భారతీయ నిర్దేశక ద్రవ్యం" పేరుతో తెచ్చే వాటి వెనక ఉన్న ఆలోచన ఇదే.

రైతు బిడ్డ | దువ్వూరు | మంగళవారం రాత్రి 10:05

మాదీ పసుపే. మీరు మాట్లాడేది సగం అర్థమయింది. ఒకటి అడుగుతా. తూనికలో మోసం ఉంటే రాళ్ళు తెప్పించి చూపించమంటాం. ల్యాబ్‌లో అంకె తప్పని మేం ఎట్లా పట్టుకోవాలి?

తుంగభద్ర గట్టు | మంగళవారం రాత్రి 10:40

నాయనా, రాయి చూపించమన్నట్టే అడుగు. "మీ స్టాండర్డ్ సర్టిఫికెట్ చూపించండి, దాని మీద ప్లస్ ఆర్ మైనస్ ఎంతుంది?" అని. అది చూపించలేని ల్యాబ్, రాయి చూపించలేని కొట్టు ఒకటే. నీకు ఆ హక్కు ఉంది. రిపోర్టుకు డబ్బు కడుతున్నావు.

అనంత బుడ్డలు | అనంతపురం | బుధవారం ఉదయం 8:15

మా కష్టం కూడా ఇక్కడే చెప్పుకుంటాను, సంబంధముంది. మేం బుడ్డల్లో (వేరుశనగల్లో) అఫ్లటాక్సిన్ అనే బూజు విషం చూస్తాం. మన అనంతపురంలో కాయ ఊరే టైములో వానలు మొండికేస్తే ఆస్పర్జిల్లస్ బూజు కాయ లోపలికే పోతుంది, అందరికీ తెలిసిందే. యూరప్‌కు నేరుగా తినే పప్పుగా పంపాలంటే మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదు. అక్కడికి పోయాక ఏరి శుభ్రం చేసుకునేదైతే 15 దాకా ఒప్పుకుంటారు. 15 గీత దగ్గర ఆడే సరుకుకు స్టాండర్డ్‌లో ఏడు శాతం తప్పుంటే ఏమవుతుందో చూడండి. మేం 15.4 అని రాస్తాం, నిజంగా ఉన్నది 14.3. లోడు వెనక్కి వస్తుంది.

అఫ్లటాక్సిన్‌ను చెల్లి కర్క్యుమిన్ తూచినట్టు తూచలేం. విషం, పైగా దొరికేది మిల్లీగ్రాముల్లో. అందుకే ద్రావణంగా కొంటాం. కానీ దాని బలం మేమే చూసుకోవచ్చు. అఫ్లటాక్సిన్లలో ఒకటైన బీ1, అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్‌లో 350 నానోమీటర్ల దగ్గర ఎంత వెలుతురు పీల్చుకుంటుందో తెలుసు. మోలార్ శోషణ 20,700, అణుభారం 312. ఒక సెంటీమీటర్ సెల్‌లో మి.లీ.కి 10 మైక్రోగ్రాములుంటే రీడింగ్ 0.66 రావాలి. పోయిన ఏడాది ఒక ఆంప్యూల్‌కు (ద్రావణం మూసి ఇచ్చే చిన్న గాజు గొట్టం) నాకు 0.61 వచ్చింది. అంటే 9.2 మైక్రోగ్రాములే ఉంది. మూడుసార్లు చూశాను. స్పెక్ట్రోఫోటోమీటర్‌ను (వెలుతురు ఎంత పీల్చుకుందో కొలిచే మెషీన్‌ను) ముందు పొటాషియం డైక్రోమేట్‌తో సరిచూసుకునే చేశాను, అది చేయకపోతే తప్పు మెషీన్‌దో ఆంప్యూల్‌దో తెలియదు. అదే 10 అనుకుని వాడుంటే ప్రతి రిపోర్టూ తొమ్మిది శాతం దాకా ఎక్కువ చెప్పేది.

ల్యాబ్ టెక్నీషియన్ ఏటీపీ | అనంతపురం | బుధవారం ఉదయం 11:30

రక్తపరీక్షలు చేసేవాణ్ణి. మా కొలెస్ట్రాల్ కిట్లకు కూడా ఇలాంటి గొలుసు ఉంటుందా?

సింగ్లెట్ | బుధవారం మధ్యాహ్నం 12:10

ఉంటుంది బ్రదర్. అమెరికాలో 1967లోనే స్వచ్ఛమైన కొలెస్ట్రాల్‌ను ఎస్‌ఆర్‌ఎం 911 పేరుతో రెఫరెన్స్‌గా ఇచ్చారు. కిట్ కాలిబ్రేటర్‌తో వచ్చే కాగితంలో "ట్రేసబుల్ టు" అని ఒక లైను ఉంటుంది, చూడండి.

ఇప్పుడు చెల్లి సీసా సంగతి. స్వచ్ఛత తేల్చడానికి రెండు దారులున్నాయి. వీలైతే రెండూ నడవాలి.

మొదటిది మాస్ బ్యాలెన్స్. కర్క్యుమిన్‌ను నేరుగా కొలవం. కానిదంతా కొలిచి నూరులోంచి తీసేస్తాం. నీళ్ళు కార్ల్ ఫిషర్‌తో (నీళ్ళను కొలిచే రసాయన పరీక్ష), సాల్వెంట్ హెడ్‌స్పేస్ జీసీతో (వేడిచేస్తే పైకొచ్చే ఆవిరిని కొలిచే మెషీన్), ఉప్పులు కాల్చగా మిగిలిన బూడిదతో. మిగిలినదాన్ని హెచ్‌పీఎల్‌సీ వాటాతో గుణించాలి. ఇక్కడ రెండు గుంతలున్నాయి. 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి తగ్గిన బరువు తీసుకుంటే అందులో నీళ్ళూ సాల్వెంట్ కలిసే పోతాయి. మళ్ళీ కార్ల్ ఫిషర్ అంకె కూడా తీసేస్తే ఒకే నీళ్ళను రెండుసార్లు తీసినట్టు. రెండోది, కర్క్యుమిన్‌లో కార్బొనిల్స్ ఉన్నాయి. కీటోన్లు మామూలు కార్ల్ ఫిషర్ రీఏజెంట్‌లోని మిథనాల్‌తో కలిస్తే అక్కడికక్కడే కొత్త నీళ్ళు పుట్టొచ్చు. కీటోన్ల కోసం చేసిన రీఏజెంట్ వాడు, లేదా ఓవెన్‌లో వేడిచేసి ఆవిరిని పంపే పద్ధతి వాడు.

రెండోది క్వాంటిటేటివ్ ఎన్‌ఎంఆర్, అంటే పదార్థాన్ని బలమైన అయస్కాంతంలో పెట్టి, రేడియో తరంగాల పల్స్ పంపి, అందులోని హైడ్రోజన్లు ఇచ్చే సిగ్నల్ కొలవడం. ఇందులో అందం ఏంటంటే, కర్క్యుమిన్ స్టాండర్డ్‌తో పనే లేదు. స్వచ్ఛత తెలిసిన ఇంకేదో పదార్థం, ఉదాహరణకు సర్టిఫై చేసిన డైమిథైల్ సల్ఫోన్, పక్కన తూచి వేస్తాం. హైడ్రోజన్‌కు హైడ్రోజన్ లెక్క. రెండు సిగ్నళ్ళ కింద ఏరియా పోలిస్తే చాలు. ఒక జాగ్రత్త, పల్స్‌కూ పల్స్‌కూ మధ్య బాగా ఆగాలి. అన్నిటికంటే నెమ్మదిగా తేరుకునే హైడ్రోజన్ టీ1కి (తేరుకునే వేగాన్ని చెప్పే కాలానికి) ఐదింతలు ఆగితే 99.3 శాతం తేరుకుంటుంది, ఏడింతలు ఆగితే 99.9. తొందరపడితే అంకె జారిపోతుంది.

నా దగ్గరికి ఓ 50 మి.గ్రా. కొరియర్ చెయ్యి. మా చోట శనివారం మెషీన్ ఖాళీగా ఉంటుంది, పెద్దవాళ్ళను అడిగి వేస్తాను. గట్టిగా మూత వేసి, పారాఫిల్మ్ చుట్టి, సిలికా జెల్ పొట్లం పెట్టు.

తుంగభద్ర గట్టు | బుధవారం సాయంత్రం 6:20

సింగ్లెట్ బాబు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇది చిన్న ల్యాబ్‌ల బాధ మాత్రమే కాదు. 1993లో ఏర్పడిన సీసీక్యూఎం అనే అంతర్జాతీయ కమిటీ కే55 పేరుతో జాతీయ ల్యాబ్‌లకే పరీక్ష పెట్టింది. ఒకే పదార్థం అందరికీ పంపి, స్వచ్ఛత చెప్పమంది. వరసగా ఎస్ట్రాడయోల్, ఆల్డ్రిన్, వాలీన్, ఫోలిక్ ఆమ్లం. ఫోలిక్ ఆమ్లం సంగతి మందుల వాళ్ళకు తెలుసు, మామూలుగానే ఎనిమిది శాతం దాకా నీళ్ళు పట్టుకుని ఉంటుంది. ఆ నీళ్ళు సరిగ్గా కొలవలేకపోతే మిగతావి ఎంత బాగా చేసినా దండగ.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, వాళ్ళు చివరి అంకె ఒక్కటి చెప్పమని ఊరుకోలేదు. నీళ్ళెంత, సాల్వెంట్ ఎంత, ఆ పదార్థాన్ని పోలిన మలినాలెంత అని విడివిడిగా కూడా అడిగారు. ఎందుకంటే నీళ్ళలో ఒకటి ఎక్కువ చెప్పి, మలినాల్లో ఒకటి తక్కువ చెప్తే, రెండు తప్పులూ కొట్టేసుకుని చివరి అంకె సరిగ్గా కనబడుతుంది. పిల్లల ఆన్సర్ షీట్లు దిద్దినప్పుడు నేను స్టెప్పులు చూడకుండా మార్కులు వేసేవాణ్ణి కాదు, అదే ఇది.

మైదుకూరు పసుపు | తరువాతి మంగళవారం రాత్రి 9:15

వచ్చాయి సార్! అన్నా, వచ్చాయి!

మా దగ్గర కార్ల్ ఫిషర్ ఉంది, కీటోన్ల రీఏజెంట్ తెప్పించాం. నీళ్ళు 1.1 శాతం. హెడ్‌స్పేస్ మా దగ్గర లేదు, తెలిసినవాళ్ళ ల్యాబ్‌లో చేయించాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 2.6 శాతం ఉంది! నేను అసలు ఊహించలేదు. సీసా వాసన చూసినా తెలియలేదు. బూడిద 0.3. అంటే నూరులోంచి 4.0 పోతే 96.0. దాన్ని 95.6 శాతంతో గుణిస్తే 91.8.

సింగ్లెట్ | తరువాతి మంగళవారం రాత్రి 9:40

నా వైపు లెక్క కూడా పెడుతున్నాను, తప్పుంటే చెప్పండి. నీ పొడి 20.31 మి.గ్రా., డైమిథైల్ సల్ఫోన్ 5.06 మి.గ్రా. సల్ఫోన్‌కు ఆరు హైడ్రోజన్లు, 3.0 పీపీఎం (సిగ్నల్ ఎక్కడ పడిందో చెప్పే స్కేలు) దగ్గర ఒంటి గీత. కర్క్యుమిన్ మెథాక్సీలకు ఆరు, 3.8 దగ్గర. నీళ్ళ గీత మధ్యలో 3.3 దగ్గరుంది, దేనికీ అడ్డం రాలేదు. ఏరియా నిష్పత్తి 0.949. అణుభారాలు 368.38, 94.13. సల్ఫోన్ స్వచ్ఛత 99.9. అన్నీ గుణిస్తే 92.4.

కానీ ఇక్కడ ఆగకూడదు. డీమెథాక్సీకి కూడా ఒక మెథాక్సీ ఉంది, అదీ అక్కడే పడుతుంది. ఎన్‌ఎంఆర్ ఆ ఇద్దరినీ 3.8 దగ్గర విడదీయలేదు. హెచ్‌పీఎల్‌సీ ప్రకారం అది 2 శాతం ఉంది, దాని వల్ల కలిసింది సుమారు 1.1. అది తీసేస్తే 91.3. నీ 91.8కి ఇంత దగ్గరగా వచ్చినప్పుడు స్క్రీన్ ముందు కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రెండు పద్ధతులకూ ఒకదానితో ఒకటి దాదాపు సంబంధం లేదు కదా.

తుంగభద్ర గట్టు | తరువాతి మంగళవారం రాత్రి 10:10

శభాష్ పిల్లలూ. 91.5 వేసి, ప్లస్ ఆర్ మైనస్ 1.0 పెట్టు తల్లీ. రెండు విలువలూ అందులో ఇముడుతాయి. అంతకంటే తక్కువ పెట్టడానికి మన దగ్గర రుజువు లేదు.

మైదుకూరు పసుపు | బుధవారం మధ్యాహ్నం 1:05

పెట్టాను సార్. పాత రిపోర్టు సరిచేశాను. 3.42ను 91.5తో గుణించి 98తో భాగిస్తే 3.19. పొడి కలపడం, సారం తీయడం, అన్నీ కలిపి మా అనిశ్చితి 0.12 అని లెక్క తేలింది. అవతలి ల్యాబ్ వాళ్ళు కూడా ఇంచుమించు అంతే చెప్పారు. 3.19కీ 3.05కీ తేడా 0.14. రెండు అనిశ్చితులనూ కలిపితే (వర్గాలు కూడి వర్గమూలం తీస్తే) 0.17 అవుతుంది. కాబట్టి ఇప్పుడు రెండు అంకెలూ కలిసినట్టే.

ఆ రైతుకు నేనే ఫోన్ చేశాను. ముందు ఇచ్చిన అంకె మా వల్ల ఎక్కువ వచ్చిందని చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు వణికింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే అమ్మా, తగ్గినా పర్వాలేదు, రెండూ ఒకటయినాయి కదా, దాంతో బేరమాడతా" అన్నారు. ఇదే సీసాతో ఎనిమిది నెలల్లో ఇచ్చిన మిగతా రిపోర్టులు నలభైకి పైనే ఉన్నాయి. మా మేనేజర్ గారితో మాట్లాడి అందరికీ సవరించి పంపుతున్నాం. ఈ రోజు పదకొండు అయ్యాయి.

ఏపీఐ క్యూసీ | బుధవారం రాత్రి 8:30

చెల్లీ, మంచి పని చేశావు. నేను కూడా ఈ రోజు మా స్టోర్‌లో వర్కింగ్ స్టాండర్డ్‌లన్నీ బయటికి తీసి చూశాను. ఆరింటికి తేమ అంకె ఉంది, సాల్వెంట్ అంకె లేదు. సింగ్లెట్, మీ దగ్గర వచ్చే శనివారం మెషీన్ ఖాళీ ఉంటుందా?

సింగ్లెట్ | బుధవారం రాత్రి 8:44

ఉంటుంది అన్నా. ఒక్కొక్కటి 50 మి.గ్రా., పేరు, లాట్ నంబరు, మీ దగ్గర తీసిన తేమ అంకె, ఆ తేదీ కూడా కాగితం మీద రాసి పెట్టండి.

మైదుకూరు పసుపు | బుధవారం రాత్రి 9:02

మా సీసా మీద పాత లేబుల్ పక్కన కొత్తది అంటించాను. "కర్క్యుమిన్ ఒక్కటే 91.5 ± 1.0 శాతం, బరువు మీద, ఉన్నదున్నట్టు వాడాలి. గంట ఆగి మూత విప్పాలి." కింద తేదీ, నా సంతకం.